ల్యాప్‌టాప్: ఇప్పుడే కొనాలా, ఆగాలా?



ఎంసెట్ అని మనం ఇప్పటికీ నోటి అలవాటుగా పిలుచుకునే పరీక్ష ఫలితాలు వచ్చి, కౌన్సెలింగులో సీటు ఖాయమయ్యాక, మన ఇళ్లలో ఫీజు, హాస్టలు తర్వాత మూడో ఖర్చుగా ల్యాప్‌టాప్ వచ్చి కూర్చుంటుంది. సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ దుకాణదారు 'ఈ ధర ఆదివారం దాకానే సార్' అంటాడు. కాలేజీ సీనియరు 'దసరా సేల్ దాకా ఆగు' అంటాడు. డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుకు ఫోన్ చేసి 'జనవరిలో కొత్త చిప్పులు వస్తున్నాయి, తొందరపడకండి' అంటాడు. ముగ్గురూ చెప్పేది నిజమే. ఆదివారం తర్వాత ధర మారవచ్చు. దసరాకు తగ్గింపులు ఉంటాయి. జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్‌లో జరిగే సీఈఎస్ ప్రదర్శనలో ఏటా కొత్త చిప్పులు ప్రకటిస్తారు. ఈ మూడు నిజాల మధ్య, చేతిలో లక్ష రూపాయలు పెట్టుకుని ఆ తండ్రి ఏం చెయ్యాలి?

క్లాసులు వినడానికీ, ఉత్తరాలు రాసుకోవడానికీ సరిపోయే మామూలు ల్యాప్‌టాప్ గురించి పెద్దగా ఆలోచించాల్సింది లేదు. అవసరమైన రోజున కొనేసుకోవచ్చు. నేను మాట్లాడబోయేది విడిగా గ్రాఫిక్స్ కార్డు, బలమైన ప్రాసెసర్ ఉండి, ఎనభై వేల నుంచి రెండు లక్షల దాకా పలికే యంత్రాల గురించి. ఈ తరగతిలోనే కొనేవాళ్లు ఎక్కువగా ఊగిసలాడతారు, ఎక్కువగా నష్టపోతారు కూడా.

కొత్తది వస్తుందని ఇలా ఆగడానికి ఒక చరిత్ర ఉంది. అది మనకు బాగా తెలిసిన ఊరితో ముడిపడింది. రచయిత చలం గారు 1950లో బెజవాడ విడిచి అరుణాచలం చేరారు. అంతకు ముందు నుంచే అక్కడ రమణాశ్రమాన్ని ఆశ్రయించుకుని ఆర్థర్ ఆస్బోర్న్ అనే ఇంగ్లీషాయన కుటుంబం ఉండేది. ఆశ్రమ పత్రిక 'ది మౌంటెన్ పాత్'కు తర్వాత తొలి సంపాదకుడైంది ఆయనే. ఆయన కొడుకు ఆడమ్ ఆస్బోర్న్ 1939లో బ్యాంకాక్‌లో పుట్టాడు, చిన్నతనం ఆ అరుణాచలంలోనే, అంటే తిరువణ్ణామలైలో గడిపాడు, ఇంగ్లండులో చదివి అమెరికా వెళ్లాడు. 1981 ఏప్రిల్‌లో 'ఆస్బోర్న్ 1' అనే కంప్యూటరును బయటికి తెచ్చాడు. మూత బిగించి, పిడి పట్టుకుని మోసుకెళ్లే పెట్టె అది. బరువు దాదాపు 11 కిలోలు. తెర 5 అంగుళాలు. మెమరీ 64 కిలోబైట్లు. ధర 1,795 డాలర్లు. వ్యాపారంలో గెలిచిన మొట్టమొదటి పోర్టబుల్ కంప్యూటరుగా దాన్నే చెబుతారు. ఒక దశలో నెలకు పది వేల దాకా అమ్ముడుపోయింది.

1983లో ఆడమ్ ఆస్బోర్న్ రాబోయే కొత్త నమూనాల గురించి ముందుగానే గొప్పగా మాట్లాడాడు. ఆ మాట డీలర్లకు చేరింది. కొత్తది వస్తుంటే పాతది ఎందుకని ఆర్డర్లు ఆపేశారు. సరుకు గోదాముల్లో పేరుకుపోయింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో కంపెనీ దివాలా తీసింది. పెద్ద తెరతో వచ్చిన కేప్రో పోటీ, ఐబీఎం పీసీ ప్రోగ్రాములను నడిపించే కాంపాక్ రాక, కంపెనీ లోపలి లెక్కల గందరగోళం కూడా ఆ పతనానికి కారణాలేనని పరిశీలకులు చెబుతారు. అయినా, రాబోయేదాన్ని ముందే చెప్పి ఉన్నదాన్ని అమ్ముకోలేకపోవడానికి ఈనాటికీ 'ఆస్బోర్న్ ఎఫెక్ట్' అనే పేరే ఉంది. ఆయన చివరి సంవత్సరాల్లో తమిళనాడుకే తిరిగి వచ్చి, 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు.

ఈ కథలో కంపెనీ పోగొట్టుకున్నదాని గురించే అందరూ రాస్తారు. నాకు కొనేవాళ్ల వైపు చూడాలనిపిస్తుంది. ఆ పదకొండు కిలోల పెట్టెతో పాటు ఉత్తరాలు రాసుకునే వర్డ్‌స్టార్, లెక్కలు వేసుకునే సూపర్‌కాల్క్ కలిపే ఇచ్చేవారు. ఆ పని తనకు అవసరమై కూడా కొత్తది వస్తుందని ఆగిన చిన్న వ్యాపారి, ఆ నెలలన్నీ చేత్తోనే లెక్కలు రాసుకున్నాడు. అతనికి జరిగిన నష్టానికి ఎవరూ పేరు పెట్టలేదు. ఇవాళ లక్ష రూపాయల ల్యాప్‌టాప్ ముందు నిలబడిన మనిషి విషయంలో నేను ముందు లెక్క వేసేది ఆ నష్టాన్నే.

ఆగితే లాభమన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. గోర్డన్ మూర్ 1965లో ఒక పత్రికా వ్యాసంలో, చిప్పులో పట్టే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతోందని గమనించి చెప్పాడు. 1975లో దాన్ని రెండేళ్లకొకసారి అని సవరించాడు. దశాబ్దాల పాటు పరిశ్రమ ఆ వేగాన్ని దాదాపు నిలబెట్టింది. ఆ రోజుల్లో ఒక ఏడాది ఆగినవాడికి అదే డబ్బుకు కళ్లకు కనబడేంత మెరుగైన యంత్రం దొరికేది. 1999లో అమెరికాలోని ఆరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన ఖగోళ పరిశోధకులు కొందరు ఈ ప్రశ్ననే గణితంగా మార్చారు. కంప్యూటర్ వేగం పద్దెనిమిది నెలలకొకసారి రెట్టింపవుతుందనుకుంటే, పెద్ద లెక్కను ఇవాళే మొదలుపెట్టడం మేలా, కొన్నాళ్లు ఊరికే కూర్చుని తర్వాత వచ్చే వేగమైన యంత్రం మీద మొదలుపెట్టడం మేలా? వాళ్లకు వచ్చిన జవాబు ఇది: ఆ లెక్క పూర్తికావడానికి 26 నెలల కన్నా ఎక్కువ పట్టేట్టయితే ఆగండి, అంతకన్నా తక్కువైతే ఇవాళే మొదలుపెట్టండి.

ఈ జవాబు నాకు చాలా ఇష్టం. చిప్పుల వేగం పరుగులు తీస్తున్న రోజుల్లో కూడా, రెండేళ్ల పైచిలుకు పట్టే పనికి మాత్రమే ఆగడం లాభించింది. మనలో ఎవరి పని అంతటిది? విద్యార్థి ప్రాజెక్టు నాలుగు నెలలది. పెళ్లి వీడియో వారం రోజులది. భవనం డ్రాయింగులు నెల రోజులవి. పైగా ఇప్పుడా పాత వేగం లేదు. ఒక తరం ప్రాసెసరుకూ తర్వాతి తరానికీ మధ్య తేడా, ప్రకటనల్లో కనిపించినంతగా రోజువారీ పనిలో కనిపించదు. గ్రాఫిక్స్ కార్డులనే తీసుకోండి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 50 వరస ల్యాప్‌టాప్ కార్డులను 2025 జనవరిలో ప్రకటించింది. వాటితో ల్యాప్‌టాప్‌లు మార్చి నుంచి రావడం మొదలైంది. జనం ఎక్కువగా అడిగే 5060 మే నెలలో గానీ రాలేదు. పాత 4060లోనూ 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీయే, కొత్త 5060లోనూ 8 జీబీయే. మెమరీ చాలక పని ఆగినవాడికి అన్ని నెలలు కాచుకున్నా ఆ ఇబ్బంది తీరలేదు.

పేర్లు ఇంకో చిక్కు. ల్యాప్‌టాప్ కార్డు పేరు ఒకటే అయినా, దానికి తయారీదారు ఇచ్చే కరెంటు వేరుగా ఉంటుంది. 4060 ల్యాప్‌టాప్ కార్డును 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా బిగించవచ్చని ఎన్విడియా లెక్కల్లోనే ఉంది. మూడు హెచ్‌పీ మోటారుకూ ఐదు హెచ్‌పీ మోటారుకూ నీళ్లలో తేడా రైతుకు చెప్పక్కర్లేదు. ఇక్కడ మాత్రం రెండింటి మీదా ఒకటే పేరు రాసి అమ్ముతున్నారు. సన్నని ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్లతో నడిచే కొత్త కార్డు, లావుపాటి పెట్టెలో పూర్తి వాట్లతో నడిచే పాత కార్డు కన్నా వెనకబడవచ్చు. కాబట్టి కొత్త తరం కోసం ఆగుతున్నామని అనుకునేవారు, ఆ కొత్తది ఎన్ని వాట్లదో కూడా చూసుకోవాలి. దుకాణంలో దీన్ని 'టీజీపీ ఎంత?' అని అడగాలి. ఆ అంకె చెప్పలేని చోట లక్ష రూపాయలు పెట్టవద్దనే నా సలహా.

ఇక ధరల సంగతి. ఎలక్ట్రానిక్ సరుకు రోజురోజుకీ చవకవుతుందని మన తరమంతా నమ్ముతూ వచ్చింది. 2025 చివరి నెలల నుంచి ఆ నమ్మకం తలకిందులైంది. కారణం ర్యామ్. ప్రపంచంలో ర్యామ్ చిప్పుల్లో అత్యధిక భాగం మూడే కంపెనీలు తయారుచేస్తాయి: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లలోని కార్డులకు హెచ్‌బీఎం అనే ప్రత్యేకమైన మెమరీ కావాలి. దానిలో లాభం ఎక్కువ. ఆ కంపెనీలు తమ ఉత్పత్తి సామర్థ్యాన్ని అటు మళ్లించాయి. మన ల్యాప్‌టాప్‌లలో వేసే మామూలు ర్యామ్‌కు కొరత వచ్చింది, ధర ఎక్కింది. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ ఏకంగా తన 'క్రూషియల్' రిటైల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ వేయించుకున్న వాళ్లలో ఎంతోమందికి ఆ పేరు తెలుసు. చిప్పుల ఫ్యాక్టరీ కట్టి, యంత్రాలు బిగించి, సరుకు బయటికి తేవడానికి ఏళ్లు పడుతుంది. రెండు మూడు నెలలు ఆగితే దానంతటదే దిగివచ్చే ధర కాదిది.

దీనికి తోడు రూపాయి. ల్యాప్‌టాప్ లోపలి భాగాలు దాదాపు అన్నీ డాలర్లలో కొనేవే. 2021 మొదట్లో డాలరు 73 రూపాయల దగ్గర ఉండేది. 2025 డిసెంబర్‌లో 90 దాటింది. కంపెనీ తన ధర ఒక్క డాలరు పెంచకపోయినా మన బిల్లు పెరుగుతుంది. 2025 సెప్టెంబర్‌లో జీఎస్‌టీ తగ్గించినప్పుడు చాలామంది ల్యాప్‌టాప్ కూడా తగ్గుతుందని ఎదురుచూశారు. పెద్ద టీవీలు, ఏసీలు 28 శాతం నుంచి 18కి దిగాయి. ల్యాప్‌టాప్ అంతకు ముందే 18 శాతంలో ఉంది, అక్కడే ఉండిపోయింది.

ఈ మాటలు విని ఎవరూ కంగారుపడి దుకాణానికి పరుగెత్తవద్దు. అలాంటి కంగారు ఎంత అనవసరమో 2023 ఆగస్టు గుర్తుచేస్తుంది. ఆ నెల 3వ తేదీన కేంద్ర ప్రభుత్వం ల్యాప్‌టాప్ దిగుమతులకు లైసెన్సు తప్పనిసరి అని ప్రకటించింది. ఇక దొరకవేమోనన్న భయం వ్యాపించింది. మర్నాటికే అమలును వాయిదా వేశారు. చివరకు నవంబర్ నుంచి దిగుమతులను నమోదు చేసుకునే పద్ధతి వచ్చింది తప్ప, సరుకు ఆగలేదు. భయంతో కొనడం, ఆశతో ఆగడం రెండూ మార్కెట్ వైపు చూస్తూ చేసే పనులు. నేను చూడమనేది మన బల్ల మీది పని వైపు.

నాకు తెలిసిన ఒక పెళ్లి వీడియోగ్రాఫర్ కోనసీమలో స్టూడియో నడుపుతున్నాడు. మొన్న వేసవిలో ఫోన్ చేసి, 'అన్నా, పాత తరం కార్డున్న ల్యాప్‌టాప్ ఆఫర్లో వచ్చింది, పదిహేను వేలు తగ్గింపు. తీసుకోమంటావా, కొత్తదానికి ఆగమంటావా?' అని అడిగాడు. ఏ కెమెరాతో తీస్తున్నావని నేను అడిగాను. కొత్త సోనీ కొన్నాడట. 4కేలో, 10 బిట్, 4:2:2 పద్ధతిలో రికార్డు చేస్తున్నాడు. ఇది రంగుల వివరాన్ని ఎక్కువగా నిలుపుకునే పద్ధతి. పెళ్లికూతురి పట్టుచీర ఎరుపు, మంటపం మీది పసుపు లైటు, మధ్యాహ్నపు ఎండ అన్నీ ఒకే ఫ్రేములో ఉండే మన పెళ్లిళ్లకు, తర్వాత రంగు సరిదిద్దుకోవడానికి అది చాలా ఉపయోగం. కానీ ఆ ఫైళ్లు విప్పడం కంప్యూటరుకు కష్టం. టైమ్‌లైన్ మీద వేస్తే తడబడుతుంది. అందుకని అతను ప్రతి పెళ్లికీ ముందు చిన్న సైజు కాపీలు, అంటే ప్రాక్సీలు తయారుచేసుకుని వాటి మీద ఎడిట్ చేస్తున్నాడు. ఒక్కో పెళ్లికి ఒక రాత్రి వాటికే పోతోంది.

ఇక్కడ తరం మార్పుకు నిజమైన అర్థం ఉంది. ఎన్విడియా 40 వరస కార్డుల్లో ఈ 4:2:2 ఫైళ్లను నేరుగా విప్పే ఏర్పాటు లేదు. 50 వరసలో పెట్టారు. ఇంటెల్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్‌లో కొన్ని తరాలుగా ఆ సౌకర్యం ఉంది. యాపిల్ ఎం వరస చిప్పుల్లోనూ ఉంది. అతను చూసిన ఆఫర్ యంత్రంలో కార్డు 40 వరసది, ప్రాసెసర్ ఏఎండీది. ఆటలాడుకునే కుర్రాడికి అది మంచి బేరం. ఇతనికి మాత్రం పదిహేను వేలు మిగిల్చి, ఆ రాత్రుల కష్టాన్ని అలాగే ఉంచేది. కాబట్టి ఆ ఆఫర్ వదిలెయ్యమన్నాను. ఆగమని కూడా అనలేదు. ఇంటెల్ ప్రాసెసరూ 50 వరస కార్డూ ఉన్నది ఆషాఢంలోనే తీసుకోమన్నాను. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, చేతిలో తీరిక ఉంటుంది. కొత్త యంత్రం మీద ప్రోగ్రాములన్నీ వేసుకుని, పాత ప్రాజెక్టులు ఒకటి రెండు తెరిచి చూసుకుని, లోపం ఏదైనా ఉంటే మార్పించుకునే వ్యవధి ఉంటుంది. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలయ్యాక, కొత్త ల్యాప్‌టాప్ మొండికేసిందని పెళ్లివారితో చెప్పగలమా?

సంపాదన కోసం కొనేవారికి పన్నుల వైపు నుంచి ఇంకో తేదీ ఉంది. దాన్ని ఏ దుకాణమూ చెప్పదు. జీఎస్‌టీ నంబరు ఉన్నవారు బిల్లులో ఆ నంబరు వేయించుకుంటే, వ్యాపారానికి వాడే ల్యాప్‌టాప్ మీద కట్టిన 18 శాతాన్ని తాము కట్టాల్సిన జీఎస్‌టీలో సర్దుకోవచ్చు. లక్షా పద్దెనిమిది వేల బిల్లులో అది పద్దెనిమిది వేలు. ఇక ఆదాయపు పన్నులో, ఖాతాపుస్తకాలు రాసి లాభనష్టాలు చూపేవారికి కంప్యూటర్ మీద ఏడాదికి 40 శాతం తరుగుదల ఇస్తారు. ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగమే, అంటే 20 శాతమే. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కపెడితే అక్టోబర్ మొదటి రోజుల్లో ఆ గీత పడుతుంది. దీపావళి సేల్‌లో నాలుగు వేలు తగ్గుతుందని ఆగి, ఆ గీత దాటి కొన్న ఆడిటరో ఆర్కిటెక్టో ఏం పోగొట్టుకున్నారో తమ లెక్కల మనిషిని అడిగి తెలుసుకోవాలి.

విద్యార్థుల దగ్గరికి వద్దాం. మా మేనల్లుడికి కంప్యూటర్ సైన్సులో సీటు వచ్చింది. మా బావగారు లక్షా ఇరవై వేలు పక్కన పెట్టారు. 'మామయ్యా, ఏఐ నేర్చుకోవాలంటే గ్రాఫిక్స్ కార్డు ఉండాలట కదా, మా ఫ్రెండ్సందరూ గేమింగ్ ల్యాప్‌టాప్‌లే కొంటున్నారు' అన్నాడు వాడు. మొదటి ఏడాది వాడు చదివేది సీ లాంగ్వేజీ, గణితం, తర్వాత పైథాన్, డేటా స్ట్రక్చర్స్. వీటిలో దేనికీ విడి గ్రాఫిక్స్ కార్డుతో పనిలేదు. మెషీన్ లెర్నింగ్ మొదలుపెట్టిన రోజున గూగుల్ కొలాబ్ ఉంది. బ్రౌజర్లో తెరుచుకుంటే, ఖాళీ ఉన్నప్పుడు 16 జీబీ మెమరీ ఉన్న టీ4 కార్డును ఉచితంగా వాడుకోనిస్తారు. వాడు కొంటానన్న ల్యాప్‌టాప్ కార్డులో ఉన్నది 6 జీబీ. నేర్చుకునే దశకు కొలాబ్ సరిపోతుంది.

హాస్టల్ బతుకు కూడా చూడాలి. గేమింగ్ ల్యాప్‌టాప్ రెండుంపావు, రెండున్నర కిలోలు. ఇటుకంత ఛార్జరు అదనం. పని గట్టిగా చేస్తే బ్యాటరీ రెండు గంటలు నిలవడం కష్టం. మన క్లాసురూముల్లో ఎన్ని ప్లగ్గులుంటాయో చదువుకున్నవాళ్లకు తెలుసు. మే నెలలో ఏసీ లేని గదిలో నలభై రెండు డిగ్రీల ఎండకు, ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న వేగం, పరీక్షల రోజుల్లోనే పనికి రాకుండా పోతుంది. అందుకని వాడికి అరవై వేల లోపు, తేలికైనది, 16 జీబీ ర్యామ్‌తో, బ్యాటరీ రోజంతా వచ్చేది కొనమన్నాను. మిగిలిన అరవై వేలు బావగారు బ్యాంకులో వేశారు. మూడో సంవత్సరానికి వాడి మనసు ఏఐ వైపు ఉందో, వెబ్ వైపు ఉందో, చిప్ డిజైన్ వైపు ఉందో తేలుతుంది. అప్పుడు ఆ డబ్బు సరైన యంత్రం మీద పెట్టవచ్చు. ఆగడమంటే ఇలా ఆగాలని నా ఉద్దేశం. చేతిలో పని ఆగకూడదు, పెద్ద ఖర్చు మాత్రం ఆగాలి.

ఒక జాగ్రత్త. సన్నని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. ఇప్పుడు 8 జీబీతో సర్దుకుని తర్వాత పెంచుకుందామంటే వాటిలో కుదరదు. ర్యామ్ ఖరీదైన ఈ రోజుల్లో కంపెనీలు అదే ధరకు తక్కువ ర్యామ్ పెట్టి అమ్మే అవకాశం ఉంది కాబట్టి, 'ఖాళీ స్లాటు ఉందా?' అని అడగాలి. లేదంటే మొదటే 16 జీబీ తీసుకోవాలి.

అందరు విద్యార్థులకూ ఈ సలహా సరిపోదు. ఆర్కిటెక్చర్ పిల్లలకు తొలి రెండేళ్లలోనే రెవిట్, స్కెచప్, ఆ తర్వాత రెండరింగు వచ్చిపడతాయి. వాళ్ల చదువుకు బలమైన యంత్రం పలకా బలపం లాంటి అవసరమే. కాలేజీ ల్యాబ్ రాత్రిపూట తెరిచి ఉండదు. వాళ్లు మొదట్లోనే కొనుక్కోవడం న్యాయం. మెకానికల్ పిల్లలు సాలిడ్‌వర్క్స్ వాడతారు, అది విండోస్ మీదే నడుస్తుంది, రెవిట్ కూడా అంతే. అందంగా ఉందని మ్యాక్‌బుక్ కొని తర్వాత ఇబ్బందిపడవద్దు. ఆటల కోసమే గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలనుకునే పిల్లలు ఆ సంగతి ఇంట్లో నేరుగా చెప్పాలి. ఆట తప్పేమీ కాదు. చదువు పేరు చెప్పి అప్పు చేయించడం తప్పు.

ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లే పిల్లలు అక్కడికి చేరాకే కొనుక్కోవడం మేలు. జూలై, ఆగస్టుల్లో విద్యార్థి తగ్గింపులు ఉంటాయి, వారంటీ ఉన్న ఊళ్లోనే పనికొస్తుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో రాసి ఉన్న ధర మీద అమ్మకం పన్ను వేరుగా పడుతుందని గుర్తుంచుకోవాలి. టెక్సస్ నగరాల్లో అది 8.25 శాతం దాకా ఉంటుంది. అక్కడి నుంచి బంధువుల చేత తెప్పించుకునేవారు, ఆ నమూనాకు మన దేశంలో వారంటీ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

వాయిదాల మీద కొనేవారికి ఒక మాట. నో కాస్ట్ ఈఎంఐ అంటే బ్యాంకు వడ్డీ వదిలేసిందని కాదు. ఆ వడ్డీ మొత్తాన్ని ముందుగా తగ్గింపు రూపంలో చూపి, తర్వాత వాయిదాల్లో వసూలు చేస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ మనమే కట్టాలి. ఒకేసారి డబ్బు కడితే వచ్చే తగ్గింపు చాలాసార్లు ఈఎంఐ వారికి రాదు. రెండు ధరలూ కాగితం మీద రాయించుకుని పోల్చుకోండి.

కొనాలా, ఆగాలా అని ఊగిసలాడే ఇళ్లలో చాలా వాటిలో ఇప్పటికే ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటుంది. నెమ్మదించిందని పక్కన పెట్టేసి ఉంటారు. దాని ఫ్యాన్లో నాలుగేళ్ల దుమ్ము ఉంటుంది, ప్రాసెసర్ మీద రాసిన పేస్టు ఎండిపోయి ఉంటుంది, కొన్నిటిలో ఇంకా పాత హార్డ్‌డిస్కే తిరుగుతూ ఉంటుంది. దుమ్ము తీయించి, కొత్త పేస్టు రాయించి, హార్డ్‌డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వేయిస్తే అది ఇంకో రెండేళ్లు మర్యాదగా పనిచేయవచ్చు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి విండోస్ 11కు మారడం మేలు; అందులోది ఇంటెల్ ప్రాసెసర్ అయితే, దానికి సాధారణంగా అది ఎనిమిదో తరమో ఆ తర్వాతదో అయి ఉండాలి. అంతకన్నా పాతదైతే లినక్స్ వేసుకుని చదువుకునే పిల్లలకు ఇవ్వవచ్చు. మీ ఊరి సర్వీసు కుర్రాడు దాన్ని తెరిచి చూసి, ఎంతవుతుందో ఒక పూటలో చెప్పేస్తాడు. లక్ష రూపాయలు పట్టుకుని పట్నం బయలుదేరే ముందు దయచేసి అతన్ని ఒకసారి కలవండి.